తల బయటపెట్టని తాబేలు పిల్ల

అనగనగా ఒక ఊళ్ళో, రాళ్ళగుట్ట పక్కన, వరాలు అనే పిల్ల ఉండేది. నీ అంతే ఉండేది. మొండితనం కూడా నీ అంతే. వాళ్ళ అవ్వ దగ్గర పెరిగేది.

ఒకరోజు గొర్రెలు కాసే కదిరప్ప గుట్ట మీంచి ఒక తాబేలు పిల్లను తెచ్చి వరాలు చేతిలో పెట్టాడు. నిమ్మకాయంత ఉంది. చిప్ప మీద ముగ్గేసినట్టు పసుపు గీతలు. ఇప్పుడైతే పట్టుకోనివ్వరు గానీ, అప్పట్లో అడిగేవాళ్ళు లేరు.

"మూడు దినాలు చూస్తా పాపా. తిండి ముట్టకపోతే మళ్ళీ గుట్టకే తీసుకుపోతా. నీ ముచ్చటకు అది చావకూడదు గదా" అన్నాడు. అని గొర్రెల వెంట వెళ్ళిపోయాడు.

తాబేలంటే నీళ్ళలో ఉండేదే కదా అనుకుంది వరాలు. నీళ్ళకుండ కింద తడి ఇసుకలో దాన్ని పెట్టింది, చల్లగా ఉంటుందని.

మొదటిరోజు పాలన్నం పెట్టింది. తాబేలు తల లోపలికి లాక్కుంది. అప్పుడు పక్కింటి సుంకమ్మత్త వచ్చి, "ఊరికే పెడితే తింటుందా? పాట పాడి పెట్టాల" అని తనే పాడింది. ఆ పాటకు వీధిలో కుక్క వచ్చింది గానీ తాబేలు తల బయటికి రాలేదు.

రెండోరోజు అవ్వ, "దిష్టి తగిలిందే దీనికి" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గారు. తాబేలు దగ్గనూ లేదు, తిననూ లేదు. ఆ తర్వాత వరాలు తన కంచం పక్కకు తోసేసి, "అది తినేదాకా నేనూ తినను" అంది.

"ఒక తాబేలు చాలదని ఇంకొకటా!" అంది అవ్వ. అందే గానీ, ఆ రాత్రి ఆవిడకూ ముద్ద దిగలేదు.

మూడోరోజు అవ్వ మిద్దె మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. "కాకులు రాకుండా చూస్తుండు. నీ తాబేల్నీ తీసుకుపో. ఇద్దరూ అక్కడే పస్తుండండి!" అంది.

వరాలు తాబేలును పక్కన పెట్టుకుని కూర్చుంది. పొద్దుటి ఎండ వీపుకు వెచ్చగా తగిలింది. ఒక కాకి వచ్చింది, చేత్తో అదిలించింది. ఇంకో కాకి వచ్చింది, లేచి తరిమింది. మూడోది వడియం ఎత్తుకునే పోయింది. దాని వెంట మిద్దె చివరిదాకా పరిగెత్తింది.

తిరిగొచ్చి చూస్తే తాబేలు లేదు!

అప్పుడు కరుక్, కరుక్ అని చప్పుడు. మిద్దె మీదికి పాకిన గుమ్మడి తీగ దగ్గర, మెడ ఇంత పొడుగున చాపి, ఆకు కొరుకుతోంది తాబేలు. వరాలు ఊపిరి బిగబట్టి అటు తిరిగి కూర్చుంది, చూస్తే ఎక్కడ మానేస్తుందోనని.

సాయంత్రం కదిరప్ప వచ్చి, అంతా విని పకపకా నవ్వాడు. "ఇది మెట్ట తాబేలు పాపా, నీళ్ళది కాదు. ఎండ కాగితేనే దీనికి ఆకలి. చల్లటి చోట పెట్టి, చుట్టూ చేరి తిను తిను అంటే ఎట్లా తింటాది?"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు గదా!" అంది అవ్వ.

"మీరు అడిగితే గదా!" అన్నాడు. "నీ దగ్గర తినింది, ఇంక నీదే" అని వరాలు తల నిమిరి వెళ్ళాడు.

వరాలుకు పంతం తీరింది గానీ సిగ్గు పోలేదు. ఆ తర్వాత అవ్వ కంచంలో సంగటి ముద్ద, మీద నెయ్యి వేసి మిద్దె మీదికి తెచ్చి వరాలు పక్కన పెట్టింది. తిను అనలేదు. అటు తిరిగి వడియాలు ఎత్తుకుంటూ కూర్చుంది. కాసేపటికి వెనక కంచం నాకుతున్న చప్పుడు వినిపించింది.

ఆ మిద్దె ఇప్పుడు లేదు. ఆ ఎండ వెచ్చదనం మాత్రం నా వీపుకు ఇంకా తెలుస్తూనే ఉంటుంది.

సరే, నీ పాలగ్లాసు ఇదిగో, ఇక్కడ పెట్టాను. నేను అటు తిరిగి పడుకుంటున్నా. చూడనులే.

కథ కంచికి,
తల చిప్పలోకి,
పాలు పొట్టలోకి,
మనం దుప్పట్లోకి.