చిక్కం కట్టిన ఎద్దు

తన పట్టుబట్టల మీద పక్క రాజు సుంకం పెంచాడని అలిగి, ఈ రాజు సరిహద్దు మూయించేశాడు. పట్టుబట్టల సంగతేమో గాని, అవతలి సంతలోనే అమ్ముడుపోయే, సరిహద్దు ఊరి రైతు లచ్చవ్వ పసుపు ఏడాదిగా ఇంట్లో పడి పుచ్చిపోతోంది.

రైతులు మొత్తుకోగా మొత్తుకోగా రాజుగారికి జాలేసింది. స్వయంగా ఊళ్లోకి వచ్చి, ఇంటికో బస్తా పసుపు విత్తనం ఉచితమని ప్రకటించాడు. "ఇంకా బాగా పండించుకోండి!" అన్నాడు.

లచ్చవ్వకి ఒళ్లు మండింది. తన ఎద్దుని తోలుకొచ్చి రాజు ముందు నిలబెట్టింది. పైరు సాళ్ల మధ్య దున్నేటప్పుడు మేయకుండా మూతికి కట్టే చిక్కం విప్పకుండానే దాని ముందు గడ్డిమోపు వేసింది. ఎద్దు మూతి ఆనించింది గాని తినలేకపోయింది. ఇంకో మోపు వేసింది. ఇంట్లో మిగిలిన ఆఖరి మోపు కూడా తెచ్చి వేసింది.

రాజు పకపకా నవ్వాడు. "పిచ్చిదానా, ఎంత గడ్డి వేస్తే ఏం లాభం? ముందు ఆ చిక్కం విప్పు!"

"చిత్తం దొరా. దీనికి నేను విప్పుతా, మాకు మీరు విప్పండి," అంటూ లచ్చవ్వ సరిహద్దు వైపు చెయ్యి చూపించింది.

రాజు నవ్వు ఆగిపోయింది. నలుగురి ముందు అన్న మాట వెనక్కి తీసుకోలేక ఆ వారమే సరిహద్దు తెరిపించాడు.

లచ్చవ్వ మిగిలిన పసుపు ఒంటెద్దు బండికెత్తుకుని సంతకి వెళ్లింది. అవతలి షావుకార్లు మూట విప్పనైనా విప్పనివ్వలేదు. ఈ ఏడాదిలో వాళ్లు ఇంకో దేశం పసుపుకి అలవాటు పడిపోయారట.

సరుకు దించని బండితోనే ఇల్లు చేరింది. ఎద్దు మూతికి చిక్కం లేదు. వేయడానికి గడ్డీ లేదు.