బండ ఎక్కలేని చిరుత

అనగా అనగా, మబ్బులు కూడా మేకలతో పాటు మేతకు దిగే ఒక కొండ. ఆ కొండ మీద పండన్న అనే మేకల కాపరి. పక్క అడవిలో ఒక చిరుత.

చిరుత అడవిపందుల్ని వేటాడుకునేది. ఎప్పుడైనా దారి తప్పిన మేక దొరికితే మాత్రం వదిలేది కాదు. పండన్న నాలుగు తిట్లు తిట్టుకుని, కంచె ఇంకాస్త గట్టిగా కట్టుకునేవాడు. అంతకు మించి వాళ్ళ మధ్య తగువు లేదు.

ఇలా ఉండగా, ఆ చిరుతను చూడాలని పల్లం నుంచి జనం రావడం మొదలుపెట్టారు. పండన్న పాకలో బస, పండన్న కుండలో మజ్జిగ, పండన్న చేతిలో నాలుగు డబ్బులు. చిరుత కనిపించినవాళ్ళు పొంగిపోయేవాళ్ళు. కనిపించనివాళ్ళు దాని అడుగుజాడలు చూసి, మజ్జిగ తాగి, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళేవాళ్ళు.

పండన్నకు ఆశ పుట్టింది. "రోజూ కనిపిస్తే రోజూ వస్తారు కదా!" అనుకున్నాడు. సాయంత్రం పాక ముందు గుంజకు ఒక మేకను కట్టేశాడు. చిరుత వచ్చింది, తింది, పోయింది. మర్నాడు ఇంకొకటి కట్టేశాడు. తిని అక్కడే పడుకుంది. మూడోనాడు మేకను కట్టకముందే వచ్చి కూర్చుంది, మొదటి బంతిలో వియ్యంకుడిలా.

చూస్తుండగానే దానికి బొజ్జ వచ్చింది. వేట మరిచిపోయింది. అడవిపందులు హాయిగా చేలమీద పడ్డాయి. మంద పలచబడింది. అయినా పండన్నకు బుద్ధి రాలేదు. వచ్చినవాళ్ళ ముందు మీసం మెలేసి, "నా చిరుత!" అనేవాడు.

ఒక సాయంత్రం, జనమూ చిరుతా ఎదురుచూస్తుండగా అతను గుంజకు కట్టింది, నిన్నగాక మొన్న పాలు మరిచిన పిల్లను. దాని తల్లి ఒంటికొమ్ము గంగి. ఏడుస్తూ కూర్చుంటే పిల్ల దక్కదనుకుని, పాక పక్కనున్న నిటారు బండ ఎక్కి నిలబడింది.

"చిరుత దొరా! ఇంతమంది చూస్తుండగా, కట్టేసిన పసిదాన్ని తింటే నీకేం గొప్ప? ముందు పైకొచ్చి నన్ను పట్టు. పిల్ల ఎక్కడికి పోతుంది?"

చిరుతకు రోషం వచ్చింది. "ఏమే గంగీ, బతుకు మీద విసుగు పుట్టిందా? ఉండు, వస్తున్నా" అని లేచింది. లేవడానికే కాస్త సమయం పట్టిందనుకోండి!

మొదటిసారి ముందుకాళ్ళు బండెక్కాయి, బొజ్జ ఎక్కలేదు. జర్రున జారింది. రెండోసారి సగం దాకా పోయి, ఆయాసంతో దగ్గుతూ దిగింది. మూడోసారి కళ్ళు మూసుకుని ఒక్క గెంతు గెంతింది. పోయి పోయి పండన్న మజ్జిగ కుండలో పడింది.

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. "మా ఇంటి పిల్లి నయం, అటకైనా ఎక్కుతుంది!" అంది వాళ్ళలో ఒక ముసలమ్మ. తర్వాత పండన్నకేసి తిరిగి, "నాయనా, పెంపుడు పిల్లిని చూడ్డానికా ఇంత కొండ ఎక్కాం? అడవిలో తిరిగేది కనపడకపోయినా మాకు సంతోషమే. పసిదాన్ని కట్టేసి చూపించే వేడుక మాకొద్దు" అని మూట సర్దుకుంది. అందరూ ఆమె వెంటే దిగిపోయారు.

మీసాల నుంచి మజ్జిగ కారుతుంటే చిరుత ఎవరి మొహమూ చూడలేక, తల వంచుకుని అడవిలోకి పోయింది. పండన్న మొహం అంతకంటే చిన్నబోయింది. వణుకుతున్న పిల్లను విప్పి ఒళ్ళోకి తీసుకుని, "తప్పయిందే తల్లీ" అని బావురుమన్నాడు. గుంజను పీకి పొయ్యిలో పెట్టాడు.

ఆకలి వేస్తే ఎవరికైనా పని గుర్తొస్తుంది. చిరుత మళ్ళీ పందుల వెంట పడింది. బొజ్జ కరిగింది. చేలు తేరుకున్నాయి. పండన్న కంచె ఎత్తు పెంచి, కుక్కల్ని కాపలా పెట్టాడు. మందను మేపుకుంటూనే, వచ్చినవాళ్ళను వెంట తిప్పేవాడు. "చిరుత కనిపిస్తుందా?" అని అడిగితే, "అది దాని ఇష్టం బాబూ. మజ్జిగ మాత్రం నా పూచీ" అనేవాడు. జనం మళ్ళీ కొండెక్కారు.

ఒకనాడు లోయ అవతలి అంచున పసుపుపచ్చగా ఏదో మెరిసి మాయమైంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఊపిరి బిగబట్టి చూశారు. గంగి తన పిల్లను తోసుకుంటూ మంద మధ్యలోకి పరుగెత్తింది.

"అమ్మా, భయమేస్తోంది!" అంది పిల్ల.

"వెయ్యనీ తల్లీ. అది మనల్ని భయపెట్టినన్నాళ్ళూ మన మెడకు తాడు పడదు" అంది గంగి.

అందుకే పిల్లలూ, అడవి మృగాన్ని అడవిలో బతకనిస్తేనే మందా నిలుస్తుంది, మందను నమ్ముకున్న మనిషీ నిలుస్తాడు.