అద్దం తుడిచిన గవరయ్య

ఏ కాలమో అడక్కండి, ఏ రాజ్యమో అడక్కండి, ఎవరితో యుద్ధమో అసలే అడక్కండి. చెప్పే నాకూ తెలీదు, నాకు చెప్పినవాళ్ళకూ తెలీదు. కొండల కింద ఒక ఎర్రమట్టి మైదానం ఉండేది. ఆ మైదానంలో ఒక యుద్ధవిమానం ఉండేది.

మామూలు విమానం కాదది. దాని ఎడమ పక్క నుంచి మూడు ఫిరంగి గొట్టాలు బయటికి చూస్తుండేవి. కోడిపిల్లల మీద గద్ద తిరిగినట్టు కొండల మీద గుండ్రంగా తిరిగేది. ఫిరంగి పేల్చే గన్నరు తన పక్కనున్న కిటికీ అద్దంలోంచి కిందికి చూసేవాడు. ఏదైనా కదిలితే చెప్పేవాడు. కెప్టెన్ సరేననేవాడు. అంతే, అప్పటిదాకా కింద ఉన్నది ఇక ఉండేది కాదు.

ఆ అద్దం తుడిచే ముసలాయన గవరయ్య. సబ్బునీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. రోజూ అదే పని, రోజూ అదే విసుగు. ఎందుకంటే ఆయన నిచ్చెన దిగేలోపు ఎవరో ఒకరు దాని మీద చెయ్యి వేసేవారు.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా మీకు? చెయ్యి పెట్టకండి!"

గన్నరు పైడిరాజు అద్దానికి మోచెయ్యి ఆనించి సిగరెట్టు కాల్చేవాడు. "తాతా, నీ సణుగుడు కంటే ఇంజను రొద నయం," అనేవాడు.

కెప్టెన్ రుద్రరాజు నవ్వేవాడు. "మొహం చూసుకోడానికి వెళ్తున్నామా గవరయ్యా? యుద్ధానికి వెళ్తున్నాం."

ఒకనాడు తొందరలో అద్దం తుడవనివ్వకుండానే వెళ్ళారు. "అదిగో లారీ, కదులుతోంది," అన్నాడు పైడిరాజు. కాల్చారు. తీరా చూస్తే అది ఎవరిదో గడ్డివాము. కదిలింది లారీ కాదు, అద్దం మీది నూనె మరక.

ఇంకోనాడు అలాగే వెళ్ళారు. "అదిగో శత్రువుల గుంపు," అన్నాడు పైడిరాజు. కాల్చారు. తీరా చూస్తే అది గేదెల మంద.

గవరయ్య బాల్చీ నేలకేసి కొట్టాడు. "మొదట గడ్డి. తర్వాత గొడ్లు. ఆ తర్వాత ఏంటి బాబూ?"



మూడోసారి పట్టపగలే కబురొచ్చింది. తుపాకులు మోసుకుంటూ ఇరవైమంది కొండ దిగుతున్నారట. వెంటనే బయల్దేరమన్నారు. అందరూ విమానం వైపు పరుగెత్తారు. పరుగెత్తి చూస్తే ఏముంది? నిచ్చెన మీద గవరయ్య. అద్దం నిండా నూనె తుంపర, చచ్చిన పురుగులు. సబ్బునీళ్ళ వంతు నడుస్తోంది.

"దిగు!" అన్నాడు కెప్టెన్.

"దిగను."

"దిగుతావా, ఈడ్పించనా?"

"ఈడ్పించండి బాబూ. ఈడ్చేవాళ్ళ చేతులు మాత్రం అద్దానికి తగలనివ్వకండి. ఇంకా మంచినీళ్ళు పొయ్యాలి, పొడిగుడ్డ పెట్టాలి."

కెప్టెన్ పళ్ళు నూరాడు. ఇంజన్లు తిప్పుదామంటే ముసలాయన నిచ్చెన మీదే ఉన్నాడు. గవరయ్య మూడు తుడుపులూ తుడిచే దిగాడు. 

"నేను తిరిగొచ్చేసరికి నువ్విక్కడ కనబడకూడదు!" అని అరిచి కెప్టెన్ విమానం ఎక్కాడు.

"అలాగే బాబూ. మీరు మాత్రం సరిగ్గా చూడండి," అన్నాడు గవరయ్య.

విమానం కొండ మీద తిరిగింది. కింద వరుసగా మనుషులు. భుజాల మీద పొడుగ్గా ఏవో ఉన్నాయి. పైడిరాజు చెయ్యి మీట మీదికి వెళ్ళింది. వెళ్ళి ఆగింది.

"ఆడవాళ్ళండీ. అవి తుపాకులు కావు, వెదురు బొంగులు."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

"మళ్ళీ చూడు!"

"చూశానండీ. ఒకామె చంకలో బిడ్డ ఉంది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మనల్నే చూస్తోంది."

కెప్టెన్ విమానం వెనక్కి తిప్పాడు.

దారి పొడుగునా పైడిరాజు తాతకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాడు. కానీ మైదానం దగ్గరపడేసరికి పొగ కనబడింది. వాళ్ళు గాల్లో ఉండగా శత్రువుల ఫిరంగి గుండు ఒకటి వచ్చి పడింది. నిచ్చెన విరిగిపోయింది, బాల్చీ నలిగిపోయింది, గవరయ్య ఇక లేడు.

కెప్టెన్ టోపీ తీసి మట్టిలో కూలబడ్డాడు. "కనబడొద్దన్నాను కదరా," అన్నాడు.

మర్నాడు అద్దం తుడవడానికి కొత్త మనిషిని పంపారు. పైడిరాజు అతన్ని నిచ్చెన ఎక్కనివ్వలేదు. తనే ఎక్కాడు, మూడుసార్లు తుడిచాడు. కెప్టెన్ పొరపాటున చెయ్యి ఆనించాడు.

"చెయ్యి తియ్యండి!" అని అరిచాడు పైడిరాజు. అరిచినవాడి కళ్ళ నిండా నీళ్ళు. కెప్టెన్ చటుక్కున చెయ్యి తీశాడు.

యుద్ధం ముగిసింది. ఇరవైమంది ఆడవాళ్ళు మూడు రోజులు నడిచి మైదానానికి వచ్చారు. అందరిలో పెద్దామె పేరు కొండమ్మ.

"ఆవేళ మా మీద తిరిగింది మీ విమానమేనా?"

"మాదే," అన్నాడు కెప్టెన్.

"మరి ఎందుకు కాల్చలేదు?"

పైడిరాజు ఉన్నదున్నట్టు చెప్పాడు. గడ్డివాము చెప్పాడు, గేదెలు చెప్పాడు, నిచ్చెన చెప్పాడు. చెప్పి, మైదానం చివరున్న సమాధి చూపించాడు.

కొండమ్మకు ఒళ్ళు మండింది. "బతికుండగా ఆయన మాట ఒక్కడైనా విన్నారట్రా?"

అంత పెద్ద కెప్టెనూ తల దించుకున్నాడు. కొండమ్మ తన చీర చెంగు చింపి పైడిరాజు చేతిలో పెట్టింది. "ఇంద, మెత్తటి గుడ్డ. ఇకనైనా సరిగ్గా చూడు."

అప్పట్నుంచి ఏటా వానలకు ముందు ఆ కొండవాళ్ళు ఉతికిన పాత చీరలు మూటగట్టి అక్కడికి పంపుతారు. ఆ అద్దంలోంచి చూడాల్సినవాడే దాన్ని తుడుచుకోవాలి. ఎంత పెద్ద అధికారైనా సరే, ఇంకొకరి చేత తుడిపించడానికి లేదు.

ఇక కొండ మీది ఊళ్ళలో, ఎవడైనా సంగతి తెలుసుకోకుండా కర్ర పట్టుకుని మీదికొస్తే, "ఆగరా, ముందు గవరయ్యని పిలువు!" అంటారు.

రోజుకి మూడుసార్లయినా పిలవాల్సి వస్తోందట, ఏం మనుషులో!