నెమరువేళ తీర్మానం

అమృతకలశం చేతబట్టి పాలకడలి నుండి వెలువడిన ఆదివైద్యునికి తొలి అంజలి. మూగకైనా మాట ఇవ్వగల వాగ్దేవికి మలి అంజలి. మందు ఎరగడం ఒక విద్య, నోరు విప్పే వేళ ఎరగడం మరొక విద్య. ఆ రెండవ విద్యను ఆలస్యంగానైనా అభ్యసించిన మందగమనుడనే ఎద్దు కథ ఇది. అవధరించండి.

నల్లమల లోయలో, గులకరాళ్ల మీద గలగల పారే సెలయేటి ఒడ్డున, నల్లమద్ది చెట్ల నీడలో మృగవైద్య పరిషత్తు కొలువుతీరేది. విరిగిన ఎముకలు కట్టడంలో మందగమనుడు, పురుటివైద్యంలో జింక చారునేత్రి, ఆకుపసరులలో మేక పత్రలోల పేరుమోసినవారు. గేదెలు, దుప్పులు, గొర్రెలు కలిపి మొత్తం నలభైమంది వైద్యులు. అందరూ నెమరువేసే జాతివారే. అధ్యక్షుడు మాత్రం మధుభాషి అనే నక్క. ఆయనకు వచ్చిన వైద్యమల్లా నాడి పట్టుకుని, కన్నులు అరమోడ్చి, "ఊఁ" అనడం. ఆ మూలుగు ఎంత గంభీరంగా ఉండేదంటే, రోగి తన మరణవార్త విన్నట్లు ఉలిక్కిపడి లేచి పరుగెత్తేవాడు. లేచి పరుగెత్తాడు కనుక నయమైనట్లే.

నక్కకు పీఠం ఎలా నిలిచింది? వైద్యుల నియమమే నిలిపింది. "నెమరువేళ మాట్లాడితే అజీర్ణం, అజీర్ణం తెచ్చుకున్న వైద్యుడు మూడు నెలలు చికిత్స చేయరాదు" అని పూర్వులు శాసించారు. మంచి శాసనమే. మధుభాషి దానిని మార్చలేదు, సభ జరిగే వరుసను మాత్రం మార్చాడు. మునుపు ముందు చర్చ, పిమ్మట విందు. ఇప్పుడు ముందు విందు, పిమ్మట చర్చ. సభ్యులు లేతగడ్డి మేసి, చల్లగా చతికిలబడి, కన్నులు మూసి నెమరు మొదలుపెట్టగానే ఆయన పీఠమెక్కి, "అభ్యంతరం ఉన్నవారు నోరు విప్పండి!" అనేవాడు. నలభై దవడలు కదిలేవి, ఒక్క మాటా వెలువడేది కాదు. "మౌనం సంపూర్ణ సమ్మతి. రాయి, శుకవాణీ!" అనేవాడు. లేఖకురాలైన చిలుక తాటాకు మీద ముక్కుతో గీకేది. ఆ విధంగా పన్నెండేళ్లు గడిచాయి.

ఒకనాటి సాయంత్రం చారునేత్రి రొప్పుతూ మందగమనుని పాకకు వచ్చింది.

"అన్నా! రేపటి సభలో ఏమి రాబోతున్నదో తెలుసునా?"

"విందు వస్తుంది" అన్నాడు మందగమనుడు నిదానంగా.

"విందు మనకు కాదన్నా, వాళ్లకు! అధ్యక్షుడు తన బావమరిదిని అడవికంతటికీ శిశువైద్యుడిగా నియమిస్తున్నాడు."

"ఎవరా బావమరిది?"

"దీర్ఘదంతుడు."

మందగమనుడు తోక ఆడించడం మానాడు. దీర్ఘదంతుడంటే తోడేలు.

"పిల్లలన్నిటినీ మొదట అతనికే చూపాలట. అదీ తల్లులు వెంట రాకూడదట. తల్లి ముఖం చూస్తే పిల్ల నాడి చెదురుతుందట! తొలి రోగిగా నా కూన పేరే రాయించాడు. కాలు విరిగి నీవు కట్టు కట్టిన కూన, అన్నా! పరుగెత్తనైనా లేదు."

వెనుకనుంచి పత్రలోల ఊడిపడింది. ఆమె ఎక్కడ ఉన్నా మాటకు ముందు గడ్డం కనబడేది. "కంచే చేను మేయడమంటే విన్నాం కానీ, కంచెకు వైద్యపట్టా ఇవ్వడం ఇదే చూడడం! ఏమయ్యా మందన్నా, పన్నెండేళ్లుగా ప్రతి తీర్మానానికీ మన మౌనమే సాక్షి. ఇంకా ఆలోచిస్తున్నావా? ఆలస్యం అమృతం విషం!"

"నీవు మాత్రం ఎప్పుడైనా నోరు విప్పావా, పత్రక్కా?"

"నా నోరు ఎప్పుడు ఖాళీగా ఉంది గనుక!"

తిట్టబోయి తానే నవ్వింది మేక. మందగమనుడు నవ్వలేదు. ఎవరి ఎముక ఎక్కడ విరిగిందో కనులు మూసుకుని చెప్పగల తనకు, తన పరిషత్తు ఎక్కడ విరిగిందో పన్నెండేళ్లు తెలియలేదు. ఆ సిగ్గు మెడమీది కాడికన్నా బరువుగా తోచింది.

"మన జబ్బు నోటిలో లేదు, కడుపులో ఉంది" అన్నాడు చివరకు. "కడుపు జబ్బుకు మన పెద్దలు ఏమి చెప్పారు?"

"లంఖణం పరమౌషధం" అంది చారునేత్రి అలవాటుగా. అని, కన్నులు పెద్దవి చేసింది.

"అదే మందు. రేపు ఎవరూ ఒక్క పరక ముట్టరాదు. మేసినట్లే ఉండాలి, మేయరాదు. ఈ మాట అందరి చెవినా వేయండి."

పత్రలోల నీరుగారిపోయింది. "ఒక్క చిగురు కూడానా?"

"కూన కాలు నేను కట్టాను, అక్కా. నోరు కట్టుకుని దాని ప్రాణం నీవు నిలపాలి."

మరునాడు ఉదయం మధుభాషి విందు అదిరిపోయింది. మంచు వీడని లేతగరిక, మోదుగ చిగుళ్లు, నడుమ నడుమ రేగుపండ్లు. వైద్యులు తలలు వంచారు, మూతులు ఆడించారు, ఆపై ఎవరి మేతను వారు కడుపు కింద పరచుకుని బోర్లా పడుకున్నారు. కన్నులు మూసి, ఖాళీ దవడలు కదపసాగారు. గేదెల కడుపులు ఉరుముతుంటే మబ్బు పట్టిందేమోనని చిలుక ఆకాశం వైపు చూసింది.

మధుభాషి వరుసల మధ్య తిరుగుతూ మేక ముందు ఆగాడు. "మేత రుచిగా ఉన్నదా, పత్రలోలా?"

కడుపు కింద రేగుపండు గుచ్చుకుంటోంది. ముక్కు కింద చిగురు పరిమళిస్తోంది. పత్రలోల కంట నీరు తిరిగింది. అయినా దవడ ఆడిస్తూ తల ఊపింది.

"ఆనందబాష్పాలు!" అని మురిసిపోయాడు మధుభాషి. పీఠమెక్కి గొంతు సవరించుకున్నాడు. "సభాసదులారా! మన కూనల ఆరోగ్యమే నాకు నిద్రలేకుండా చేస్తున్నది. అందుచేత సుకుమారహృదయుడైన దీర్ఘదంతుని శిశువైద్యునిగా ప్రతిపాదిస్తున్నాను. పిల్లలను ప్రేమించడంలో అతనికి సాటి లేరు. ఎన్ని చూసినా అతనికి తనివి తీరదు! అభ్యంతరం ఉన్నవారు నోరు విప్పండి. లేరు కదా? శుకవాణీ, మౌనం…"

"నాకు అభ్యంతరం" అన్నాడు మందగమనుడు.



"నాకూ!" అంది చారునేత్రి. "నాకూ, నాకూ, నా తల్లికీ, పుట్టబోయే నా పిల్లలకూ!" అని పత్రలోల కేకపెట్టింది. ఆపై అంబారవాలతో లోయ దద్దరిల్లింది.

నక్క తేరుకున్నాడు. తేరుకోవడంలో నక్కను మించినవారు లేరు. "అయ్యో, ఎంత అపచారం! నెమరువేళ మాట్లాడారు. శాసనం ప్రకారం మీకందరికీ అజీర్ణం. నలభైమందీ మూడు నెలలు వైద్యానికి అనర్హులు. రాయి, శుకవాణీ!"

"అజీర్ణమో కాదో పరీక్షించకుండా నిర్ణయిస్తే అధ్యక్షుల వారి వైద్యానికే అపకీర్తి" అన్నాడు మందగమనుడు వినయంగా. "మిత్రులారా, నాలుకలు చూపండి."

నలభై నాలుకలు ఒక్కసారిగా బయటపడ్డాయి. గేదెల నల్ల నాలుకలు, గొర్రెల ఎర్ర నాలుకలు. పరకైనా అంటని పరిశుద్ధమైన నాలుకలు. చివరి వరుసలో ఒక ముసలిదుప్పి పీఠం వైపు అవసరమైన దానికన్నా ఎక్కువసేపే చాపి ఉంచింది.

"ఇక లేవండి."

అందరూ లేచారు. ఒక్కొక్కరి కింద ఒక్కొక్క గడ్డిపరుపు, నలిగినా కొరకనిది.

చిలుక తాటాకు పక్కన పెట్టి స్పష్టంగా పలికింది: "అభ్యంతరాలు నలభై. తీర్మానం వీగిపోయింది. నాకు వినిపించింది రాయడమే నా ధర్మం, స్వామీ. ఇన్నాళ్లూ ఏమీ వినిపించలేదు."

ఆ వెంటనే మందగమనుడు మూడు మాటలు సభ ముందు ఉంచాడు. చర్చ ముందు, మేత తరువాత. పీఠం ఎవరిదైనా రెండు వానకాలాలకే. చుట్టపు పేరు చర్చకు వచ్చిన రోజు, ఆ చుట్టం ఎవరికి కావలసినవాడో వారు పీఠం దిగి పక్కన నిలబడాలి.

"నాకు అభ్యంతరం!" అని అరిచాడు మధుభాషి.

"నోరు మూయించండి వాడికి!" అంది పత్రలోల. "పన్నెండేళ్లు మనం మూసుకోలేదూ?"

"వద్దు, అక్కా. శుకవాణీ, అభ్యంతరం ఒకటి అని పేరుతో సహా రాయి. ఎదురుమాట రాయకుండా దాటవేయడమే కదా మనకు సోకిన రోగం."

చిలుక రాసింది. నలభైమంది అవుననగా ఒక్కడు కాదనగా మూడు నియమాలూ నెగ్గాయి. పీఠం మందగమనునికి ఇచ్చారు. ఎక్కబోయి ఆగి అడిగాడు అతడు: "ఇది విరిగితే?" "కట్టేది నీవేగా, ఎక్కు!" అంది మేక. చెప్పడమే తడవు, గడ్డిపరుపు మీద పడింది. ఆ తరువాత ఆమె ఏ సంభాషణకూ అందలేదు.

మధుభాషి తోక ముడిచి బావమరిది గుహకు చేరాడు. దీర్ఘదంతుడు గుహ ఊడ్చి, లేతాకుల పడక పరచి, మూడు రోజులుగా ఆకలిని పదును పెట్టుకుని కూర్చున్నాడు.

"రా బావా, రా! తొలి రోగి ఏడీ?"

"రాడు."

"మలి రోగి?"

"ఎవరూ రారు. తీర్మానం పోయింది, పీఠమూ పోయింది."

 తోడేలు మెల్లగా లేచి గుహద్వారానికి అడ్డంగా నిలబడ్డాడు. "పాపం, చిక్కిపోయావు బావా. నాడి చూస్తాను, దగ్గరకు రా."

"నాకే జబ్బూ లేదురా!"

"అది తేల్చవలసింది వైద్యుడు కదా?"

తోడేలు కాళ్ల సందునుంచి దూరి, తోకలో సగం వెంట్రుకలు శిశువైద్యాలయానికే సమర్పించి, మధుభాషి ఏరు దాటి, కొండ దాటి పరుగెత్తాడు.

నీతి: మంచివారు నోరు మెదపని సభలో మాయగాడి మాటే శాసనమవుతుంది.

ఈ కథ చెప్పినవారికి గొంతు తడారకుండుగాక. విన్నవారికి ఆకలి వేళకు అన్నం, అవసరం వేళకు మాట తప్పకుండుగాక. లోకంలోని పసికూనలన్నీ తల్లుల వెంట నిర్భయంగా గంతులు వేయుగాక!