తేరువీధి చెట్లు చేతులు దించిన వైనం

గుండ్లవాగు నీడలమ్మ దర్శనానికి వచ్చే భక్తులకు మొదట కనిపించేది గోపురం కాదు, తేరువీధికి ఇరుపక్కలా నిలిచిన నరమామిడి చెట్లు. తాడెత్తు పెరిగినా మనిషి నిలిచినంత చోటే తీసుకుంటాయి. కొమ్మలన్నీ కిందికి వాలి మానును అంటిపెట్టుకుని ఉంటాయి. పట్నాల్లో అశోకచెట్లంటూ ప్రహరీల వెంట పెంచుకునే వాటికి కూడా ఈ అణకువ ఇక్కడినుంచే వచ్చిందని మా ఊరివారి నమ్మకం.

పూర్వం ఇక్కడ గురవమ్మ అనే తోటమాలి ఉండేది. తేరు లాగేవారికి ఎండ తగలరాదని వీధి పొడవునా నలభై మొక్కలు నాటి, వాగునుంచి కావడితో నీళ్లు మోసి పన్నెండేళ్లు సాకింది. అవి పెరిగి ఊరుకున్నాయా? కొమ్మలు చాచి వీధినంతా కమ్మేశాయి. ఆ ఏటి ఉత్సవంలో తేరు వాటి మధ్య చిక్కుకుని కదలలేదు.

"పొద్దువాలేలోగా అన్నిటినీ మొదలంటా కొట్టెయ్యండి" అన్నాడు ఊరిపెద్ద వీరపనాయుడు.

"తేరును సన్నం చేయించవయ్యా నాయుడా, చెట్లేం చేశాయి?" అంది గురవమ్మ.

"ముందు నీ నోరు సన్నం చేసుకో!"

ఆమె తిన్నగా గుడిలోకి పోయి అమ్మవారినే కడిగేసింది. "నీడలమ్మ అని పేరొకటా నీకు? నీడను నరుకుతుంటే రాయిలా కూర్చున్నావే!" అరిచి అరిచి అలసి, మంటపంలోనే కునికింది. కలలో అమ్మ కనిపించి, "దారికడ్డం నిలిచింది నేనటే? పెంచినదానివి, వాటినే తిట్టు" అంది.

ఆమె లేచి వచ్చేసరికి మొదటి చెట్టుమీదికి గొడ్డలి లేచింది. గురవమ్మ కొంగు నడుముకు బిగించి నడివీధిలో నిలిచింది.

"ఏమర్రా! భుజం కాయలు కాచేలా నీళ్లు పోసి పెంచితే అమ్మకే దారివ్వరా? వీధి మీ అబ్బ సొమ్మా? దించండి చేతులు!"

మొదటి చెట్టు సిగ్గుతో కొమ్మలు వాల్చింది. దాన్ని చూసి రెండోది, ఆపైన వరుసంతా. గొడ్డళ్లు పట్టినవారూ చేతులు దించారు. నాయుడు కూడా దించుకున్నాడని పెద్దలు నవ్వుతూ చెబుతారు. ఆకైనా రాలకుండా తేరు సాగింది. దాని ముందు గురవమ్మ చిందులేసింది.

నేటికీ ఈ చెట్లకు కత్తి తాకించరు. తేరునాడు పగ్గం పట్టకముందు ఆడవారు చెట్టుకొకరు నిలిచి మనసారా తిడతారు. అత్తను, ఆడపడుచును, మొగుణ్ని అనవలసినవన్నీ అనవచ్చు, పేరు మాత్రం ఎత్తరాదు. అలా తిట్టి ప్రసాదం తిన్నవారింట ఏడాదిపాటు తగువు రాదంటారు. వచ్చినా, గెలుపు తిట్టినావిడదే.