బోర్డు మీది పేరు

పైడయ్య గురువుగారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకడం అరుదు, పని దొరకడం మాత్రం ఖాయం. ఆయన నేతపని చేసుకుంటూనే నలుగురికి తత్త్వం చెప్పే మనిషి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, శిష్యుడు చెప్పేదంతా ఓపికగా వినేవారు. విన్నాక ఫలానా చోటికి వెళ్లి ఫలానాది పట్టుకురా అనేవారు. వెళ్లినవాడికి దారిలో ఏదో ఒకటి తగిలేది. తగలకపోయినా గురువుగారి పనైనా అవుతుంది కదా అని, నాగావళి ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్నంలో శిష్యులు నవ్వుకునేవారు.

ఆ శిష్యుల్లో పెద్దవారు సదాశివ పట్నాయక్ గారు. తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఊరికి ఉపకారం చెయ్యాలన్న కోరిక ఉన్న మనిషి. చేసిన ఉపకారం నలుగురికీ తెలియాలన్న కోరిక అంతకంటే ఒక పిసరు ఎక్కువే. ఆ తాలూకా కుర్రవాడు, బెవర గుంపస్వామి అనే సిపాయి, సరిహద్దు యుద్ధంలో చనిపోతే, పట్నంలో కొత్తగా కడుతున్న సర్కారు ఆస్పత్రికి అతని పేరు పెట్టాలని పట్టుబట్టింది ఆయనే. కమిటీ వేశారు, అర్జీలు రాశారు, మూడేళ్లు చెప్పులరిగేలా తిరిగారు. చివరికి ఉత్తర్వు వచ్చింది. ఆస్పత్రి ముంగిట నీలం బోర్డు మీద తెల్లటి అక్షరాలతో ఆ పేరు ఎక్కింది.

అది జరిగి ఏడాది కావస్తుండగా, ఒక సాయంత్రం పట్నాయక్ గారు ముఖం గంటు పెట్టుకుని గురువుగారి దగ్గరికి వచ్చారు.

“గురువుగారూ, గౌరవం విలువ తెలియనివాళ్లని గౌరవించడం మన తప్పేనా?”

గురువుగారు పడుగులో అటూ ఇటూ విసురుతున్న నాడె ఆపలేదు. “ఎవరి సంగతి నాయనా?”

“ఆ సిపాయి భార్య సంగతి. కిందటేడు ప్రారంభోత్సవానికి ఉత్తరం రాశాం, రాలేదు. శాలువా వాళ్ల బావగారికి కప్పాల్సి వచ్చింది. వచ్చే ఆదివారం వార్షికోత్సవం. మళ్లీ రాశాం, ఉలుకూ పలుకూ లేదు. మొగుడి పేరు అంత ఎత్తున నిలబెడితే వచ్చి ఒక్క నమస్కారం పెట్టలేదా ఆవిడ? ఇక మీదట ఆవిణ్ణి పిలవక్కర్లేదని రేపు కమిటీలో తీర్మానం రాయబోతున్నాను.”

నిజానికి ఆవిణ్ణి పట్నాయక్ గారు ఎన్నడూ చూసి ఎరగరు. ఉత్తరాలు సిపాయి అన్నగారి ఇంటికి వెళ్లాయి. ఆవిడ ఇంకా అత్తవారింట్లోనే ఉంటోందా, కన్నవారి ఊరు వెళ్లిపోయిందా అని కనుక్కోవాలని కమిటీలో ఒక్కరికీ తోచలేదు. పైగా ప్రారంభోత్సవం నాడు, శుభకార్యం కదా, ఆవిడ రాకపోవడమే ఒకందుకు మంచిదైందని ఎవరో అంటే ఈయన కూడా తలూపారు. తలూపిన సంగతి మాత్రం గురువుగారికి చెప్పలేదు.

“తీర్మానం ఒక్కరోజు ఆపు. రేపు గుంపస్వామి ఆస్పత్రికి వెళ్లి నా మోకాళ్లకి మాత్రలు పట్టుకురా. పాత చీటీ గూట్లో ఉంది,” అన్నారు గురువుగారు.

“ఏ ఆస్పత్రికండీ?” అన్నారు పట్నాయక్ గారు. అన్నాక తెలిసింది. “ఓహో, పెద్దాసుపత్రికా!”

గురువుగారు ఆయనకేసి ఒకసారి చూసి మళ్లీ పనిలో పడ్డారు. “అవును, అక్కడికే. పదకొండు దాటాక వెళ్లు. నువ్వెవరో చెప్పి ముందుకి పోకు, లైన్లోనే నిలబడు. నీ ముందున్నవాళ్లకి మాట సాయం ఏదైనా కావలిస్తే చెయ్యి.”

మర్నాడు పట్నాయక్ గారు ఇస్త్రీ పంచె, జరీ కండువా వేసుకుని వెళ్లి లైన్లో నిలబడ్డారు. తన చలవతో పేరొచ్చిన ఆస్పత్రిలో తానే లైన్లో నిలబడాల్సి రావడం ఆయనకి కాస్త ముళ్ల మీద ఉన్నట్టే ఉంది. చీటీలు రాసే కిటికీ పన్నెండింటికి మూసేస్తారు. ఆయన వంతు దగ్గర పడేసరికి పన్నెండుకి పావుగంట తక్కువ. ముందు ఒక్క ఆడమనిషి ఉంది. నలభై నిండి ఉండవు. ఎడమ అరచేతికి పాత గుడ్డ చుట్టుకుంది. గుడ్డ రక్తానికి నల్లబడి అట్టకట్టింది.

“పేరు?” అన్నాడు గుమాస్తా.

“అసిరమ్మ బాబూ.”

“ఊరు?”

“జల్లుపేట. వరికోతల్లో కొడవలికి సెయ్యి తెగిపోనాది. సూదిమందు ఏయించుకోమన్నారు.”

“భర్త పేరు?”

ఆమె తల వంచుకుంది. ఆ తరం ఆడవాళ్లు భర్త పేరు నోటితో పలకరు. మనిషి ఉన్నా పలకరు, పోయినా పలకరు. ఇలాంటి చోట్ల ఊరివాళ్లో చుట్టాలో పక్కనుండి ఆ పేరు అందిస్తారు. ఈ సంగతి పట్నాయక్ గారికి కొత్తేమీ కాదు. ముప్పై అయిదేళ్ల కాపురంలో వాళ్లావిడ గుళ్లో శివుణ్ణి కూడా సదాశివా అని పిలిచిన పాపాన పోలేదు. రేషను కార్డు రాయించిన నాడు ఆవిడ పక్కన నిలబడి పేరు చెప్పింది ఈయనే. అయితే ఆ పూట ఆయన గొడుగుతో పాటు ఆ తెలివిని కూడా ఇంట్లో మరిచిపోయి వచ్చారు.

ఆమె ఎవరికోసమో వెతుకుతున్నట్టు ఇటూ అటూ చూసింది. వెనక్కి తిరిగి పట్నాయక్ గారి ముఖంలోకి కూడా ఒక క్షణం చూసింది. ఎవరూ పలక్కపోయేసరికి బాగున్న చేత్తో ముంగిట్లోకి చూపించింది.

“అల్లదిగో, ఆ బోర్డు మీద రాసున్నాదంట బాబూ. సూసుకోండి.”

“అది ఆస్పత్రి పేరమ్మా. నేనడిగేది మీ ఆయన పేరు.”

ఆమె మళ్లీ బోర్డుకేసే చెయ్యి చూపింది. లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. భర్త పేరు రాయకుండా చీటీ ఇవ్వడం కుదరదని గుమాస్తా కలం కింద పెట్టాడు. పట్నాయక్ గారు వాచీ చూసుకున్నారు.

“ఏమ్మా, చెప్పేదేదో చెప్పు. లేకపోతే పక్కకి తప్పుకో. వెనకాల జనం ఉన్నారు.”

“అలాగే బాబూ,” అని ఆమె తప్పుకుంది. గుడ్డ చుట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మాత్రలు చేతికొచ్చాయి, కిటికీ మూతపడింది. బయట ఎండ పేలిపోతోంది. పట్నాయక్ గారు మాత్రల పొట్లం సంచిలో వేసుకుందామని బోర్డు నీడలో ఒక నిమిషం ఆగారు. బోర్డు కాలికి ఎవరో సైకిలు ఆనించి పోయారు. ఊరికే తలెత్తి చూశారు. పెయింటరుకి ఆ అక్షరాలు కాగితం మీద రాసిచ్చింది తనే. ఈ ఏడాదిలో ఒక్కసారీ వాటిని చదివింది లేదు. ఇప్పుడు చదివారు. బెవర గుంపస్వామి.

తల కొట్టేసినట్టయింది ఆయనకి. ఆమె చెయ్యి చూపించింది దీనికేసే. రెండుసార్లు చూపించింది. ఆ లైన్లో ఆ పేరు కోసం మూడేళ్లు తిరిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడే ఆమెని తప్పుకోమన్నాడు. కండువా జారిపోతున్నా చూసుకోకుండా బస్సు ఆగే చోటికి పరిగెత్తారు.

ఆమె ఒక రాయి మీద కూర్చుని ఉంది.

“అమ్మా, నువ్వు గుంపస్వామి భార్యవా?”

ఆ పేరు చెవిన పడగానే ఆమె లేచి నిలబడి, కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. “అవును బాబూ.”

“నాతో రా. పేరు నేను చెబుతాను.” ఆ బోర్డు పెట్టించింది నేనే అని కూడా అనబోయి, ఆ మాట మింగేశారు.

“కిటికీ మూసీసుంటారు కదా బాబూ. మా ఊరోలు ఎవులైనా ఇటొచ్చిన్నాడు తోడొస్తాను.”

అడగకూడదనుకుంటూనే ఆయన అడిగారు. “కిందటేడు సభకి నువ్వు రాలేదు కదమ్మా?”

“వొచ్చినాను బాబూ. గేటవతల నిలబడ్డాను. మైకులో ఆ పేరు ఎన్నిమార్లు సెప్పినారో. నాను పలకనేను కదా, మా ఇంట్లో ఎవులూ ఎత్తరు. ఆ రోజు సెవులారా ఇన్నాను. ఇంక ఇక్కడికొస్తే రోజూ ఆ పేరు ఇనిపిస్తాదనుకున్నాను. అందరూ పెద్దాసుపత్రి అనే అంటన్నారు.”

బస్సు వచ్చింది. “పెద్దాసుపత్రి, పెద్దాసుపత్రి! దిగేవాళ్లు దిగండి,” అని కండక్టరు తలుపు మీద చరిచాడు. ఆమె ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కింది. పట్నాయక్ గారికి కండక్టరుతో ఒక మాట చెప్పాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని చెబుతారు?

గురువుగారి ముందు మాత్రలు పెట్టి ఆయన అంతా చెప్పారు. తలూపిన సంగతితో సహా చెప్పారు. చెబుతున్నంతసేపూ తలెత్తలేదు.

“చచ్చేంత సిగ్గుగా ఉంది గురువుగారూ. రేపు తెల్లవారగానే జల్లుపేట వెళ్లి నేనే ఆమెని ఆస్పత్రికి తీసుకొస్తాను.”

గురువుగారు నాడె ఆపి పక్కన పెట్టారు. పని మధ్యలో ఆయన అలా ఆపడం పట్నాయక్ గారు ఎప్పుడూ చూడలేదు.

“అసిరమ్మ నాకు నూలు వడికి తెస్తుంది. నిన్న నీకంటే ముందే వచ్చి వెళ్లింది. చెయ్యి చూసి ఆస్పత్రికి పొమ్మంటే, పేరు చెప్పేవాళ్లు తోడు లేరంది.” ఆయన మాత్రల పొట్లాన్ని తాకకుండా దానికేసే చూస్తూ ఉండిపోయారు. “ఆ పేరు బాగా తెలిసినవాణ్ణి పంపిస్తాను, వెళ్లమ్మా అన్నాను.”