మొగులు తప్పిన మాట

“ఎవరు ఏ భాషలో పిలిచినా వస్తాను. ఏ నేలనూ ఎండనివ్వను.”

ఒకప్పుడు మొగులు అందరి ముందూ ఇచ్చిన మాట ఇది. అప్పట్లో మొగులంటే మేఘం ఒక్కటే. తమిళనేల మీద దాన్ని ముగిల్ అన్నారు. కన్నడనేల మీద ముగిలు అన్నారు. సముద్రం పక్క తెలుగువాళ్లు మొయిలు అన్నారు. పీఠభూమి మీద మావాళ్లు మొగులు అన్నారు. అన్నీ ఒక్క తల్లి పిల్లల్లాంటి పేర్లు. ఏ పేరుతో పిలిచినా అది పరుగున వచ్చేది.

మరి ఆకాశాన్ని ఏమనేవారు? ఏమీ అనేవారు కాదు. ఆ ఖాళీ చోటుతో ఎవరికి పని?

పీఠభూమి మీద పోశవ్వ అనే ముసలమ్మ ఉండేది. ఒక ఏడు ఆమె పొడిమట్టిలోనే జొన్నలన్నీ చల్లేసింది. తినడానికి గుప్పెడు కూడా దాచుకోలేదు. మొగులు మాటిచ్చింది కదా!

“ఓ మొగులా! రా బిడ్డా!” అని పిలిచింది. రాలేదు. మర్నాడూ పిలిచింది. రాలేదు. చీమలు మాత్రం వచ్చాయి. మట్టిలోంచి గింజలు ఒక్కొక్కటే మోసుకుపోసాగాయి.

ఆ చేలోనే ఒక చిన్న పురుగు ఉండేది. మట్టిరంగు పురుగు. దానికి పేరైనా లేదు. నోరు మాత్రం పెద్దది. ఎక్కడ ఏ నినాదం విన్నా నేర్చుకునేది.

“దున్నేవాళ్లకే వాన! తడిలో సమాన వాటా!” అని అరిచింది.

“నీ అరుపులకు నేల తడుస్తదా?” అంది పోశవ్వ. “అన్ని కాళ్లున్నయి గదా. పోయి అడుగు.”

పురుగు పడమటి దిక్కు నడిచింది. ఏడు రోజులకు పెద్ద కొండలు చేరింది. తలెత్తి చూసి కొయ్యబారిపోయింది.

మొగులు అక్కడే ఉంది! కొండ ఒళ్లో పడుకుని కురుస్తోంది. తడిసిన చెట్ల మీదే కురుస్తోంది. నిండిన వాగులోనే కురుస్తోంది.

“ఇదేంది? నిండిన కుండల పోస్తున్నవా? మా పోశవ్వ పిలుపు ఇనవడలేదా?”

“వినబడింది,” అంది మొగులు, ఆవలిస్తూ.

వినబడిందట! వినబడి కూడా రాలేదట! “మరెందుకు రాలేదు?” అని నిలదీసింది పురుగు.

“మీ నేల ఒకటే మంట. ఇక్కడ చల్లగా ఉంది. పైగా ఈ కొండవాళ్లు నన్ను ముద్దుగా పిలుస్తారు. మీ ముసలిది ఎంత మోటుగా పిలుస్తుందో!”

“మోటా? మాట తప్పినోళ్లది మోటా, గొంతెండినోళ్లది మోటా?”

పురుగుకు కోపం పొంగింది. కాళ్ల నుంచి తలదాకా ఎర్రబడిపోయింది. ఒంటిమీది నూగు నిక్కబొడుచుకుంది.

అది తిరిగొచ్చేసరికి పోశవ్వ ఖాళీ ఆకాశంకేసి చూస్తూ ఇంకా పిలుస్తూనే ఉంది. “ఓ మొగులా...” గొంతు పీలగా వస్తోంది.

“ఏమన్నది బిడ్డా?”

“ఇనవడ్డదంట, అవ్వా.”

పోశవ్వ గట్టు మీద కూలబడింది. “ఇనవడ్డదా? దానికి చెవుడొచ్చిందేమో అనుకున్న. పాపం అనుకున్న.”

పురుగు మట్టిపెళ్ల ఎక్కింది. ఈసారి నినాదాలు లేవు. “మొగులా! ఆరుద్ర కార్తె మొదటి రోజు దాకా గడువిస్తున్న. ఎందుకు రాలేదో వచ్చి అవ్వకు చెప్పు!”

గడువు నాడు నాలుగు చినుకులు పడ్డాయి. చీమలు వదిలేసిన గింజల్లో మూడే మొలిచాయి. సంజాయిషీ మాత్రం రాలేదు.

అప్పటినుంచే ఆ పురుగు ఎర్రటి మఖమల్ గుడ్డలా ఉంటుంది. ఆరుద్ర పురుగన్న పేరూ అప్పుడే వచ్చింది. ఏటా తొలి చినుకు పడగానే మట్టిలోంచి లేచి నిలదీయడానికి వస్తుంది. అప్పటినుంచే మావాళ్లు ఖాళీ ఆకాశాన్ని కూడా మొగులనే అంటారు. అన్నాళ్లు అటే చూసి పిలిచారు మరి. పిలిచి పిలిచి, రానిదాని పేరు ఆ ఖాళీకి అంటుకుపోయింది.

మొగులు ఇంకా నోరు విప్పలేదు. ఈ ఏటి గడువు ఆరుద్ర కార్తె మొదటి రోజు, జూన్ ఇరవై రెండు, పొద్దు గూకేలోపు.